కట్టెల పొయ్యి పక్కన గ్యాస్ బండ: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

అమ్మా, మీరు అడిగింది ఇదీ. మీ అత్తగారు నడిపే టిఫిన్ సెంటర్లో, రేకుల షెడ్డు కింద, దోసె పెనానికి గ్యాస్. ఇడ్లీ పాత్రకీ సాంబారుకీ కట్టెల పొయ్యి. రెంటికీ మధ్య నాలుగడుగులే దూరం. సాయంత్రం పడమటి ఎండ నేరుగా బండ మీద పడుతుంది. చలికాలం తెల్లవారుజామున మంట నీరసపడితే, బండని వేడినీళ్ల గంగాళంలో నిలబెడుతున్నారు. "పదేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఏమైంది?" అని ఆవిడ అంటున్నారు. పేలుతుందా, పేలదా చెప్పమన్నారు.

నేను 26 ఏళ్లు గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్‌గా చేసి మానేశాను. రోజుకి ఐదారు ఇళ్లు, పెళ్లిళ్ల సీజన్లో పది దాకా తిరిగేవాణ్ణి. కాలిన వంటిళ్లు చాలా చూశాను. వాటిల్లో చీలిపోయిన బండని చూసింది మాత్రం రెండే రెండుసార్లు. మిగతా చోట్లన్నీ గోడ కూలింది, తలుపు ఎగిరింది, మనుషులు కాలారు. బండ మాత్రం మసి పట్టి నిలబడే ఉంది.

మీ ప్రశ్నకి ఒక్కమాటలో జవాబు రాకపోవడానికి కారణం అదే. "సిలిండర్ పేలింది" అని మనం ఒకే పేరుతో పిలిచేవి రెండు వేరువేరు ప్రమాదాలు. ఒకటి, గ్యాస్ లీకై గదిలో పరుచుకుని, ఎక్కడో నిప్పు తగిలి అంటుకోవడం. ఇందులో పేలేది గది, బండ కాదు. రెండోది, బయట ఇంకేదో తగలబడుతుంటే ఆ మంట బండని కాల్చి, ఉక్కు మెత్తబడి, బండే చీలిపోవడం. మొదటిది ఎక్కువగా జరుగుతుంది. రెండోది అరుదు, కానీ జరిగితే దగ్గరున్నవాళ్లు మిగలరు. మొదటిదానిలో నిలబడి చెయ్యాల్సిన పని ఉంది. రెండోదానిలో నిలబడకూడదు. ఈ తేడా తెలియకే చాలామంది పోయారు.

ముందు ఎండ సంగతి చెప్తాను, అది తేలిగ్గా తేలిపోతుంది. ఇళ్లకిచ్చే ఎర్ర బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. మనం గ్యాస్ అంటున్నాం గానీ లోపల ఉండేది ద్రవం, ప్రొపేనూ బ్యూటేనూ కలిసినది. బండలో నీళ్లు నింపితే 33 లీటర్ల పైచిలుకు పడతాయి. గ్యాస్ మాత్రం ఐదింట నాలుగు వంతులకే నింపి, పైన కాస్త ఖాళీ వదులుతారు. ఎండెక్కితే ద్రవం ఉబ్బుతుంది, ఆ ఉబ్బడానికే ఆ ఖాళీ. లోపలి ఒత్తిడి మన వేసవిలో, ప్రొపేన్ పాళ్లని బట్టి, చదరపు సెంటీమీటరుకి ఎనిమిది తొమ్మిది కిలోల వరకూ ఉండొచ్చు. కారు టైరులో ఉండేది రెండు రెండుంపావు అనుకోండి, దానికి నాలుగింతలు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ వంటగ్యాస్‌కి మన దేశంలో ఉన్న ప్రమాణం ప్రకారం, 65 డిగ్రీల వేడిలో కూడా దాని ఒత్తిడి సుమారు 17 కిలోలు దాటకూడదు. బండని పరీక్షించేది 25 కిలోల ఒత్తిడి దగ్గర. మన ఎండకి బండ లోపలి ద్రవం 65 డిగ్రీలకి వెళ్లదు. కాబట్టి ఎండకి పేలుతుందనే బెంగ వద్దు. అయినా నీడలో పెట్టమనే చెప్తాను. ఎండ బండకంటే ముందు పైన ఉన్న రబ్బరు ట్యూబునీ, వాల్వు లోపలి వాషర్నీ తినేస్తుంది. ఒక చాప అడ్డం కట్టినా చాలు. తడిగోనె కప్పి ఉంచడం మాత్రం వద్దు, కింద రింగు తుప్పు పడుతుంది.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పైన చెప్పిన లెక్కంతా కొలత ప్రకారం నింపిన బండకే. సందుల్లో కొన్ని షాపులవాళ్లు పెద్ద బండ తలకిందులు చేసి, పైపు తగిలించి, చిన్న పొట్టి సిలిండర్లలోకి గ్యాస్ ఎక్కిస్తుంటారు. చదువుకునే పిల్లలు, కూలిపనికి వచ్చినవాళ్లు అవి కొంటారు. వాటికి తూకం సరిగ్గా ఉండదు, ఖాళీ వదిలే లెక్క ఉండదు. "ఇంకాస్త ఎక్కించన్నా" అంటే ఎక్కిస్తాడు. నిండా ద్రవంతో నిండిన సిలిండర్ ఎండలో పెడితే, ఉబ్బే ద్రవానికి చోటుండదు. ఆవిరి అయితే నొక్కితే నొక్కుకుంటుంది, ద్రవం నొక్కుకోదు. అప్పుడు ఒత్తిడి డిగ్రీ డిగ్రీకీ దూకుతుంది. మీ షెడ్డులో అలాంటి చిన్న సిలిండర్ ఉంటే, చట్నీ తాలింపుకే అయినా, దాన్ని ఇవాళే తీసేయండి. ఐదు కిలోల సిలిండర్ కంపెనీలే అమ్ముతున్నాయి, సీలుతో సహా.

వేడినీళ్ల గంగాళం. మీ అత్తగారు మూర్ఖంగా చేస్తున్న పని కాదిది, ఒక నిజమైన ఇబ్బందికి ఆవిడ కనిపెట్టిన మందు. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది బండ నుంచీ, చుట్టూ గాలి నుంచీ లాక్కుంటుంది. అందుకే ఎక్కువసేపు వాడిన బండకి చెమట పడుతుంది. ఆ చెమట గీత ఎక్కడుందో చూసి లోపల ఎంత మిగిలిందో చెప్పే ఆడవాళ్లు నాకు తెలుసు, వాళ్ల లెక్క తప్పేది కాదు. ఇంటి పొయ్యిలో పెద్ద బర్నర్ గంటకి 200 గ్రాములు తాగుతుందేమో. మీ దోసె పెనం కిందున్న హై ప్రెషర్ బర్నర్ దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి, చలిలో, అడుగున మూడు నాలుగు కిలోలు మిగిలిన బండ అంత వేగంగా ఆవిరి ఇవ్వలేదు. చల్లబడిపోతుంది, మంట పడుకుంటుంది. వేడినీళ్లలో పెడితే లేస్తుంది. ఆవిడ చూసింది నిజమే.

సమస్య ఏమిటంటే "వేడినీళ్లు" అనే మాటకి కొలత లేదు. ఒకరోజు గోరువెచ్చగా ఉంటాయి. మర్నాడు తొందరలో ఇడ్లీ పాత్రలో మరుగుతున్న నీళ్లే పోస్తారు. నీళ్లు మరిగే వేడి దాకా లోపలి ద్రవం చేరితే, ప్రొపేన్ పాలు ఎక్కువున్న గ్యాస్ అయితే, ఒత్తిడి ఇందాక చెప్పిన 25 పరీక్ష గీతని దాటిపోతుంది. నేనొకచోట గంగాళాన్ని పొయ్యి మీదే ఉంచి అందులో బండ నిలబెట్టడం చూశాను. కింద కట్టెలు మండుతున్నాయి. నేను గుమ్మంలోంచే వెనక్కి నడిచి, రోడ్డు మీదికెళ్లి, అక్కణ్నుంచి అరిచాను. వాళ్లు నన్ను చూసి నవ్వారు. వాళ్లు నవ్వినందుకు నాకు కోపం రాలేదు, ఆ రోజు ఏమీ కాలేదు కాబట్టి వాళ్లకి నేను పిరికివాడిలాగే కనిపించి ఉంటాను.

దీనికి సరైన మందు వేడి కాదు, రెండో బండ. రెండు బండల్ని ఒక పైపుకి కలిపే మానిఫోల్డ్ ఏజెన్సీవాళ్లే బిగిస్తారు. ఒక్కో దాని మీద భారం సగమవుతుంది, చలికాలం కూడా మంట నిలబడుతుంది. అడుగు గ్యాస్ కూడా వృథా పోదు. ఇంకో అలవాటు ఉంది, బండని పడుకోబెట్టడం. అది వేడినీళ్లకంటే పాపిష్టిది. నిలబడి ఉన్న బండలో వాల్వు దగ్గర ఆవిరి ఉంటుంది. పడుకోబెడితే అక్కడికి ద్రవం వస్తుంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. ఆవిరికి తయారుచేసిన రెగ్యులేటర్లోంచి ద్రవం పోతే పొయ్యి మంట ఒక్కసారిగా మనిషెత్తు లేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, నాలుగడుగుల దూరంలోని కట్టెల పొయ్యి. దీన్ని మీరు బండకి సెగ తగులుతుందేమో అని అడిగారు. సెగ సంగతి తేల్చుకోవడం సులువు. వంట జోరుగా సాగుతున్నప్పుడు వెళ్లి, పొయ్యి వైపున్న బండ చెంప మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టండి. పది దాకా ఉంచలేకపోతే ఆ చోటు బండకి పనికిరాదు. ఉంచగలిగితే, సెగ వల్ల బండకి ఇప్పటికిప్పుడు ముప్పు లేదు. నాలుగడుగుల్లో చాలావరకు ఉంచగలరనే అనుకుంటున్నాను.

నన్ను భయపెట్టేది సెగ కాదు. ఆ పొయ్యిలో ఎప్పుడూ నిప్పు ఉండటం, అదీ నేల మీద ఉండటం.

వంటగ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు. నేల మీద నీళ్లలా పాకుతుంది, వాలు ఎటుంటే అటు పోతుంది, తూములో దిగుతుంది, గుంటలో నిలుస్తుంది. గాలిలో దాని పాలు వందకి రెండు దగ్గర నుంచి తొమ్మిది దాకా ఉన్నప్పుడు నిప్పు తగిలితే అంటుకుంటుంది. రెండు అంటే తక్కువ అనుకోకండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న వంటింటిని ఆ పాకం మీదికి తేవడానికి ఒక్క కిలో గ్యాస్ సరిపోతుంది. గ్యాస్ గదంతా సమంగా కలవదు, మోకాలి కిందే ఉంటుంది కాబట్టి అంతకంటే చాలా తక్కువతోనే నేల మీద మండే పొర తయారవుతుంది. మన ఇళ్లలో ఆ ఎత్తులో ఏముంటాయో చూడండి. దేవుడి మూల నేల మీద పెట్టిన దీపం. ఫ్రిజ్ అడుగున మోటారు. ఊళ్లలో కట్టెల పొయ్యి. గ్యాస్ పొయ్యి గట్టు మీద ఉంటుంది కాబట్టి చాలాసార్లు అది అంటించదు, ఇవి అంటిస్తాయి.

ఒక పెళ్లివారింట్లో జరిగింది చెప్తాను. పెరట్లో టార్పాలిన్ పాక, అందులో అన్నానికీ పప్పుకీ గాడిపొయ్యి తవ్వారు. కూరలకి, స్వీట్లకి గ్యాస్. రాత్రి పదకొండింటికి గ్యాస్ అయిపోతే వంటవాళ్లలో ఒక కుర్రాడు కొత్త బండ సీలు విప్పి రెగ్యులేటర్ పెట్టాడు. వాల్వు లోపల చిన్న నల్ల రబ్బరు రింగు ఉంటుంది, మనం వాషర్ అంటాం. ఆ బండకి అది లేదు. నాబ్ తిప్పగానే బుస్సుమంది. అప్పుడు వాడు చెయ్యాల్సింది నాబ్ వెనక్కి తిప్పి, రెగ్యులేటర్ తీసి, మూత పెట్టడం. మొత్తం ఐదు సెకన్ల పని. వాడు చేసింది, సరిగ్గా కూర్చోలేదేమోనని రెగ్యులేటర్ని రెండు చేతులా నొక్కి పట్టుకోవడం. అందరూ అదే చేస్తారు, చెయ్యి దానంతటదే అలా పోతుంది. పెరడు గాడిపొయ్యి వైపు వాలు. పన్నెండడుగుల దూరం. అర నిమిషం కూడా పట్టలేదట. గాడిపొయ్యి దగ్గర్నుంచి నేల మీద నీలంగా ఒక మెరుపు వెనక్కి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరికి మోకాళ్ల కింద కాళ్లు కాలిపోయాయి. పంచెలు కట్టుకుని ఉండటం వల్ల ఇంకా పైకి కాలింది.

మర్నాడు పేపర్లో "పెళ్లింట సిలిండర్ పేలుడు" అని వచ్చింది. ఆ బండని నేనే వెనక్కి తెచ్చి తూచాను. ప్రతి బండ మీదా దాని ఖాళీ బరువు కొట్టి ఉంటుంది, అది తీసేస్తే ఇంకా పదమూడు కిలోల పైన గ్యాస్ ఉంది. పెయింటు కూడా పోలేదు. మొత్తం అల్లరి చేసింది కిలో కంటే తక్కువ గ్యాస్. 2022 డిసెంబర్ 8న రాజస్థాన్‌లో జోధ్‌పుర్ దగ్గర భుంగ్రా అనే ఊళ్లో పెళ్లివారింట్లో లీకైన గ్యాస్ అంటుకుని ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు నాకు కళ్లముందు కనిపించింది ఆ నీలం మెరుపే.

కాబట్టి నాలుగడుగులు కాదు, ఎనిమిదడుగులు చేసినా లాభం లేదు. నడుమ గోడ ఉండాలి. కనీసం నడుమెత్తు ఇటుక గోడ, నేల దగ్గర సందు లేకుండా. లేదా కట్టెల పొయ్యి షెడ్డుకి ఆ చివర, బండ ఈ చివర బయటివైపు, పైపు మాత్రం లోపలికి. నేల వాలు బండ నుంచి పొయ్యి వైపు కాకుండా, బండ నుంచి వీధి వైపు ఉండేలా చూడండి. ఒక చెంబు నీళ్లు బండ దగ్గర పోస్తే అవి ఎటు పోతాయో లీకైన గ్యాస్ కూడా అటే పోతుంది. దోసె పెనం గట్టు బండ తలకంటే కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. బండని గుంటలోగానీ, తలుపు మూసిన అల్మరాలోగానీ పెట్టొద్దు.

ఇప్పటిదాకా చెప్పింది మంట రాకముందు. మంట వచ్చాక ఏం చెయ్యాలో చెప్తాను, ఇది మీ అత్తగారికీ, పనిలో ఉన్న కుర్రాళ్లకీ చదివి వినిపించండి.

రెగ్యులేటర్ దగ్గరో, ట్యూబు దగ్గరో మంట వచ్చిందనుకోండి. మొట్టమొదట తెలుసుకోవాల్సింది, ఆ మంట బండ లోపలికి పోదు. లోపల గాలి లేదు, మండడానికి దారి లేదు. పైగా గ్యాస్ లోపలినుంచి బయటికి తోసుకొస్తోంది. చూడటానికి భయంకరంగా ఉన్నా, బయటే మండుతున్న గ్యాస్ ఒకందుకు మంచిదే, ఎందుకంటే అది పోగుపడటం లేదు. చెయ్యి పెట్టగలిగితే నాబ్ ఆపేయండి. చెయ్యి పెట్టలేకపోతే, మందపాటి నూలు దుప్పటో గోనెసంచో నీళ్లలో బాగా ముంచి, రెండు చేతులా మన ముందు పరదాలా పట్టుకుని, గాలి మన వీపు వైపునుంచి వీచేలా నిలబడి, మంట మీద కప్పాలి. ఆ కప్పడంతోనే పని అయిపోలేదు. వెంటనే గుడ్డ కిందనుంచే నాబ్ తిప్పాలి, రెగ్యులేటర్ ఎత్తేయాలి. రెగ్యులేటర్ తీయగానే వాల్వు లోపలి పిన్ను స్ప్రింగుతో పైకి లేచి దారి మూసేస్తుంది. ఆ పైన తాడు కట్టిన ప్లాస్టిక్ మూత నొక్కి పెట్టండి. అందుకే ఆ మూత పారేయొద్దని మేం గొంతు చించుకుంటాం. పారేసిన మూతని పిల్లలు బొంగరానికి వాడుకుంటారు, మేం ఇంటికెళ్లేసరికి తాడు మాత్రమే ఉంటుంది.

పిన్ను ఇరుక్కుని గ్యాస్ ఆగకపోతే? మంట ఆర్పకూడదు. గ్యాస్ ఆపే దారి లేకుండా మంటని ఆర్పితే, ఇందాకటి గాడిపొయ్యి కథని మీ చేత్తో మొదలుపెట్టినట్టే. అప్పుడు మనుషుల్ని బయటికి పంపి, దూరం నుంచి బండ ఒంటి మీద నీళ్లు కొడుతూ ఉండాలి, మంట మీద కాదు. మండుతున్న బండని పడదొయ్యొద్దు, దొర్లించొద్దు. పడితే ద్రవం వస్తుంది. తలుపు దగ్గర ఒక ఆరు కిలోల డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకోండి, అయితే దానికీ ఇదే నియమం. నాబ్ తిప్పడానికి ఒకడు సిద్ధంగా ఉన్నప్పుడే రెండోవాడు పౌడర్ కొట్టాలి.

ఇక రెండో రకం. షెడ్డే అంటుకుంది, మంటల మధ్య బండ ఉంది. ఇక్కడ తడిగోనె శౌర్యం పనికిరాదు.

నీళ్లున్న గిన్నె పొయ్యి మీద మాడదు కదా. నీళ్లు ఇగిరిపోయాక, లేదా నీళ్లు తగలని అంచు దగ్గరే మాడుతుంది. బండ కూడా అంతే. ద్రవం ఉన్న కింది భాగాన్ని మంట కాల్చినా, లోపలి ద్రవం మరుగుతూ ఆ వేడిని లాగేసుకుంటుంది. పైన ఆవిరి మాత్రమే ఉన్న భాగానికి ఆ దిక్కు లేదు. అక్కడి ఉక్కు ఎర్రబడుతుంది. ఐదారు వందల డిగ్రీల దగ్గర ఉక్కు బలం సగానికి సగం పోతుంది. అదే సమయంలో లోపల ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. ఒకటి తగ్గుతూ, ఒకటి పెరుగుతూ, రెండూ ఎక్కడో కలుస్తాయి. బండ ఆ పలచబడ్డచోట చీలుతుంది. లోపల మరుగుతున్న ద్రవమంతా ఒక్క క్షణంలో ఆవిరై, చుట్టూ మంట ఉంది కాబట్టి అగ్నిగోళమై లేస్తుంది. అగ్నిమాపక శాఖవాళ్లు దీన్ని బ్లెవీ అంటారు. నిండు బండకైతే ఆ గోళం లెక్క ప్రకారం 14 మీటర్ల అడ్డం ఉంటుంది. ఉక్కు ముక్కలు దానికి ఎన్నో రెట్లు దూరం పోతాయి. ఖాళీ బండే కదా అని కూడా అనుకోవద్దు. అడుగున కొంచెమే ఉంటే ఎండు భాగం ఎక్కువ, అది ఇంకా తొందరగా వేడెక్కుతుంది.

ఎంతసేపట్లో? ఇక్కడ నేను ఒక అంకె చెప్తే మీరు దాన్ని పట్టుకుని కూర్చుంటారని భయం. ఐదు నిమిషాల్లో కావచ్చు, ఇరవై పట్టొచ్చు. మంట ఎక్కడ తగులుతోంది, లోపల ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. షెడ్డు మండుతోందని మీరు చూసేసరికి అందులో కొన్ని నిమిషాలు అప్పటికే అయిపోయి ఉంటాయి.

2023 ఏప్రిల్ 12న ఖమ్మం జిల్లా కారేపల్లి మండలం చీమలపాడులో జరిగింది సరిగ్గా ఇదే. ఒక సభకి వచ్చిన నాయకులకి స్వాగతంగా కాల్చిన బాణసంచా రవ్వలు పూరిపాక మీద పడ్డాయి. పాక అంటుకుంది. మంచి మనసుతోనే జనం పరిగెత్తారు, పోలీసులూ వెళ్లారు. లోపల వంటగ్యాస్ బండ ఉంది. అది చీలింది. చుట్టూ ఉన్నవాళ్లలో కొందరి ప్రాణాలు పోయాయి, కొందరికి కాళ్లు తెగిపోయాయి. మంట అంటించినవాళ్లు కాదు, ఆర్పడానికి, చూడటానికి దగ్గరికి వెళ్లినవాళ్లే దెబ్బతిన్నారు. మన ఊళ్లలో ఇల్లు తగలబడితే బిందెలతో పరిగెత్తడం మన పెంపకంలోనే ఉంది. గ్యాస్ రాకముందు అది సరైన పనే. ఇప్పుడు ప్రతి పాకలోనూ ఒక బండ ఉంది. బిందె పట్టుకోకముందు అడగాల్సిన మాట, "లోపల బండ ఉందా?" ఉందంటే, మంట దాన్ని చుట్టుముట్టకముందు ఇంటివాడు లాక్కొచ్చేయగలిగితే సరే. చుట్టుముట్టాక మనుషుల్ని కనీసం వంద మీటర్లు, గోడల చాటుకి తరిమేయాలి. 101కి ఫోన్ చెయ్యాలి. వీడియో తీసేవాళ్లని ముందు తరమాలి.

ఈ రెండు రకాలూ ఒకదాని వెంట ఒకటి వస్తే ఎలా ఉంటుందో విశాఖపట్నంవాళ్లకి తెలుసు. 1997 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఓడ నుంచి వచ్చే వంటగ్యాస్ పైపు దగ్గర లీకై, గ్యాస్ నేలబారున పరుచుకుని, అంటుకుంది. ఆ మంట గ్యాస్ నిల్వ ఉంచే గుండ్రటి ట్యాంకుల్ని కాల్చింది. సుమారు 60 మంది పోయారు. మొదట లీకు, తర్వాత ఆ మంటకి ట్యాంకులు.

అలాగని ప్రతి పేలుడూ బండ పనే అని కూడా అనుకోకండి. 2015 సెప్టెంబర్ 12న మధ్యప్రదేశ్ ఝాబువా జిల్లా పేట్లావద్‌లో ఒక హోటల్ నేలమట్టమైతే ముందు అందరూ సిలిండర్ అనే అన్నారు. పక్క గదిలో నిల్వ చేసిన జిలెటిన్ స్టిక్స్ అని తర్వాత తేలింది. మా ఏజెన్సీవాళ్లం ఆ వార్త చూసి, బండ మీద పడ్డ నింద దిగిందని కాస్త ఊపిరి పీల్చుకున్నాం. చనిపోయినవాళ్ల లెక్క చూశాక అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

మీ షెడ్డుకి తిరిగొస్తాను. గోడ కట్టేదాకా, మానిఫోల్డ్ పెట్టేదాకా ఈ వారంలో చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ట్యూబు వంచి చూడండి. వంచినచోట సన్నగా పగుళ్లు కనిపిస్తే ఇవాళే మార్చాలి. కంపెనీలిచ్చే నారింజ రంగు సురక్ష ట్యూబుకి లోపల ఉక్కు అల్లిక ఉంటుంది, ఐదేళ్లు వస్తుంది, మీద తేదీ ఉంటుంది. అది ఇంటి పొయ్యికి. మీ హై ప్రెషర్ బర్నర్‌కి దానికి తగిన హై ప్రెషర్ ట్యూబే, ఐఎస్‌ఐ గుర్తున్నదే పెట్టించండి. పచ్చటి తోట పైపు కత్తిరించి తగిలించిన హోటళ్లు నేను చూశాను. ట్యూబు పెనం కింద వేలాడకూడదు, కట్టెల పొయ్యి వైపు అసలే పోకూడదు. కొత్త బండ వచ్చినప్పుడు మూత తీయించి వాషర్ ఉందో లేదో వేలితో తడిమి చూడండి, డెలివరీ కుర్రాడు విసుక్కున్నా సరే. బండ మెడ దగ్గర పట్టీ మీద ఇంగ్లీషు అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, సీ అంటే సెప్టెంబర్ దాకా, డీ అంటే డిసెంబర్ దాకా. ఆ గడువు దాటిన బండ మళ్లీ పరీక్షకి పోవాలి, తీసుకోవద్దు. లీకు చూడటానికి సబ్బు నురగ. అగ్గిపుల్లతో చూసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు, ఇద్దరికీ కనుబొమ్మలు లేవు.

అందరూ అడగడానికి సంకోచించేది కూడా చెప్పేస్తాను. మీరు వాడుతున్నది ఇంటి ఎర్ర బండ అయితే, వ్యాపారానికి అది నిషేధం. నీలం రంగు 19 కిలోల బండ తీసుకోవాలి. ఖర్చెక్కువని తెలుసు. కానీ ప్రమాదం జరిగితే కంపెనీల బీమా రావాలన్నా, కనెక్షన్ ఆ చోటి పేరు మీద ఉండాలి. ఏ లైసెన్సూ లేకుండా ఒకచోట ఉంచుకోగలిగేది మొత్తం 100 కిలోల గ్యాస్ వరకే, ఖాళీలూ నిండువీ కలిపి షెడ్డు వెనక గుట్టగా పేర్చొద్దు.

రాత్రి కట్టేసేటప్పుడు కట్టెల పొయ్యిలో బూడిద కప్పి వెళ్లిపోతారు కదా, పొద్దున్నే ఊదితే రాజుకోవడానికి. ఆ నిప్పు రాత్రంతా బతికే ఉంటుంది. నాబ్ ఆపి, రెగ్యులేటర్ తీసి, మూత పెట్టాకే ఆ బూడిద కప్పమనండి. పొద్దున్న షెడ్డు తీయగానే వాసనొస్తే లైటు వెయ్యకుండా, పొయ్యి ఊదకుండా, ఆ పక్కన నిలబడి ఫోన్ కూడా తీయకుండా, బయటికొచ్చి దూరం నడిచాక 1906కి చెయ్యండి. అది గ్యాస్ లీకులకే ఉన్న నంబరు, రాత్రీ పగలూ ఎత్తుతారు.